జైన సంఘం ఏడాది లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జిల్లా పత్రికలో ఉపసంపాదకుడిగా ఉన్నన్నాళ్లూ, దీపావళి వెళ్లిన వారంలో నా బల్ల మీదికి ఊళ్లోని జైన సంఘం నుంచి ఒక కాగితం వచ్చేది. ‘ఈ సంవత్సరం సంఘం సాధించినవి’ అని శీర్షిక. కింద ఇన్ని మాసక్షమణాలు, ఇన్ని అఠాయిలు, ఇన్ని ఆయంబిళ్లు, ఇన్ని మణుగుల నెయ్యి. కట్టించిన గదులు, పెట్టించిన వైద్య శిబిరాలు ఎక్కడున్నాయా అని వెతికితే చిట్టచివర రెండు వాక్యాల్లో కనిపించేవి. అర్థంకాని పైభాగం కోసేసి ఆ రెండు వాక్యాలే అచ్చుకు పంపేవాణ్ణి. ఒక ఏడాది మాత్రం ‘13 నెలల ఉపవాసం’ అన్నది చేతిరాత పొరపాటు అనుకుని ‘13 రోజులు’ అని దిద్దాను. మర్నాడు సంఘం పెద్ద ఒకాయన వచ్చారు. కోప్పడలేదు. నా ఎదుట గంటసేపు కూర్చుని ఆ కాగితాన్ని పంక్తి పంక్తికీ అర్థం చెబుతూ చదివి వినిపించారు. అప్పటి నుంచి అడిగినవాళ్లకల్లా నేను చెబుతూ వస్తున్న జవాబులివి.

జైనుల ఏడాది ఎప్పుడు ముగుస్తుంది?

మూడుసార్లు ముగుస్తుంది.

మొదటిది దీపావళి. మహావీరుడు పావాపురిలో నిర్వాణం పొందినది ఆశ్వయుజ అమావాస్య నాడని జైనుల విశ్వాసం. మనం టపాసులు కాల్చే రాత్రి వాళ్లకు నిర్వాణ రాత్రి. తెల్లవారితే కార్తీక శుద్ధ పాడ్యమి, కొత్త సంవత్సరం. ఆ ఉషఃకాలంలోనే ఆయన ప్రథమ శిష్యుడు గౌతమస్వామికి కేవలజ్ఞానం, అంటే సంపూర్ణ జ్ఞానం, కలిగిందంటారు. వీర నిర్వాణ శకం లెక్క క్రీ.పూ. 527 నుంచి మొదలవుతుంది కాబట్టి 2025 దీపావళి మర్నాడు మొదలైనది 2552వ సంవత్సరం. కొత్త ఖాతా పుస్తకాలకు పూజ చేసేదీ అప్పుడే. మార్వాడీ దుకాణాల్లో ఆ ఎర్ర అట్టల పుస్తకాలు చూసే ఉంటారు.

రెండోది సంవత్సరి, మనసు లెక్కలు తేల్చుకునే రోజు. శ్వేతాంబరుల పర్యూషణ పర్వం ఎనిమిది రోజులు. విగ్రహారాధకుల్లో ఎక్కువమందికి దాని ఆఖరి రోజు భాద్రపద శుద్ధ చవితి, అంటే మన వినాయక చవితే. శ్వేతాంబరుల్లోనే విగ్రహాలు పూజించని స్థానకవాసులు, తేరాపంథీలు పంచమి నాడు చేస్తారు. దిగంబరుల దశలక్షణ పర్వం ఆ పంచమితో మొదలై అనంత చతుర్దశితో ముగుస్తుంది. హైదరాబాద్‌లో గణపతి మండపం పెట్టిన నాటి నుంచి నిమజ్జనం దాకా లెక్కపెట్టండి, జైనుల రెండు పండుగలూ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. వీధిలో మైకు మోగుతుంటే, పక్క సందులోని ఉపాశ్రయంలో, అంటే సాధువులు బస చేసే చోట, చేసిన తప్పులు ఒప్పుకుని పశ్చాత్తాపపడే ప్రతిక్రమణ మూడు గంటల పాటు సాగుతుంది.

మూడోది మార్చి 31. అది ఆడిటరు గారి సంవత్సరి.

సంఘం అంటే రిజిస్టరు చేయించిన సంస్థేనా?

కాదు. మా పత్రికలో ఏళ్ల తరబడి జరిగిన పొరపాటు ఇదే. జైన పరిభాషలో సంఘం అంటే సాధువులు, సాధ్వులు, శ్రావకులు (గృహస్థులు), శ్రావికలు (గృహిణులు), ఈ నలుగురి కూడిక. చతుర్విధ సంఘం అంటారు. ఆస్తులు, బ్యాంకు ఖాతాలు, అధ్యక్షుడు, కార్యదర్శి ఉండేది ట్రస్టు. ‘సంఘం సాధించినది’ అని రాస్తే ట్రస్టు కార్యవర్గం చేసిన పని అని మనం చదువుకుంటాం. వాళ్లు చెప్పేది మాత్రం, ఎవరింట్లోనో ఒక ముసలావిడ నెల రోజులు అన్నం మానేసిన సంగతి.

సాధించినవాటిలో ఉపవాసాలెందుకు? అవి వ్యక్తిగతం కదా?

జైన ధర్మంలో తపస్సుకు ఉన్న విలువ తెలిస్తే గానీ ఆ కాగితం అర్థం కాదు. చేసిన పనుల కంటే మానుకున్న పనులు అక్కడ ముందు వరుసలో ఉంటాయి. ఒకరు తపస్సు చేస్తే మిగిలినవారు దాన్ని అనుమోదిస్తారు, అంటే మనసారా మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోవడం కూడా పుణ్యమే. అందుకే ఊరేగింపు తీస్తారు, పత్రికకు పంపుతారు.

ఇక మాటల సంగతి. ఉపవాసం అంటే మన ఏకాదశి లాగా పళ్లూ పాలూ కాదు. ముందురోజు సూర్యాస్తమయం నుంచి, ఒక పగలు గడిచి, ఆపై రోజు సూర్యోదయం దాకా దాదాపు 36 గంటలు ఏమీ తినరు. కాచి చల్లార్చిన నీళ్లు తాగేది పగటిపూట మాత్రమే. ఆ నీళ్లు కూడా మానేసేవాళ్లున్నారు. వరుసగా ఎనిమిది చేస్తే అఠాయి. ముప్పై చేస్తే మాసక్షమణం. ఏకాసనం అంటే రోజుకు ఒకసారి, ఒకచోట కూర్చుని భోజనం.

ఆయంబిల్ వీటన్నిటికంటే కష్టమని నాకనిపిస్తుంది. రోజుకు ఒకపూట తినవచ్చు, కానీ పాలు, పెరుగు, నెయ్యి, నూనె, బెల్లం, పళ్లు, పచ్చికూరలు, మసాలాలు ఏవీ లేకుండా ఉడికించిన ధాన్యమూ పప్పూ మాత్రమే. ఆవకాయ లేకుండా పప్పన్నం తినలేని జాతివాడిగా ఈ మాట చెబుతున్నాను. చైత్రంలోనూ ఆశ్వయుజంలోనూ తొమ్మిదేసి రోజులు ఓళీ పేరుతో సామూహికంగా చేస్తారు.

నేను దిద్ది చెడగొట్టినది వర్షీతపం. ఒకరోజు ఉపవాసం, మరునాడు భోజనం, ఇలా దాదాపు 13 నెలలు. మొదటి తీర్థంకరుడు రుషభదేవుడు దీక్ష తీసుకున్నాక భిక్ష ఎలా వేయాలో జనానికి తెలియక ఏడాదికి పైగా ఆహారం లేకుండా తిరిగాడనీ, చివరకు హస్తినాపురంలో శ్రేయాంసుడు చెరకురసం పోశాడనీ కథ. అందుకే వర్షీతపం అక్షయ తృతీయ నాడు చెరకురసంతో ముగుస్తుంది. అక్షయ తృతీయ అంటే మనకు బంగారం దుకాణాల ముందు వరుస గుర్తొస్తుంది. ఆ దుకాణం యజమాని ఇంట్లో అదే రోజు ఎవరో 13 నెలల తరువాత వెండి గిన్నెతో చెరకురసం తాగుతుండవచ్చు.

పిల్లల చేత కూడా ఇలాంటివి చేయిస్తారా?

పర్యూషణంలో ఒకపూట, ఒకరోజు ఉపవాసం పిల్లలు ఉత్సాహంగా చేస్తారు. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ 2016 అక్టోబరులో హైదరాబాద్‌లో 68 రోజుల ఉపవాసం ముగించిన 13 ఏళ్ల బాలిక మరణించింది. బాలల హక్కుల కార్యకర్తల ఫిర్యాదుతో పోలీసు కేసు నమోదైంది, దేశమంతా చర్చ జరిగింది. తపస్సు స్వచ్ఛందమని వాళ్లంటారు. ఆ వయసులో స్వచ్ఛందం అనే మాటకు ఎంత అర్థముంటుందో నాకు సందేహమే. ఏడాది నివేదికలో పిల్లల పేర్లకు దీర్ఘ ఉపవాసాల అంకెలు జోడించి గొప్పగా రాయడం మానుకోవాలని నన్ను అడిగిన సంఘాలకు చెప్పాను. కొందరు విన్నారు.

‘ఇన్ని మణుగుల నెయ్యి’ అంటే దేవుడికి నెయ్యి పోశారా?

ఒక్క చుక్క కూడా పోయలేదు. అది వేలంపాట.

పర్యూషణంలో తీర్థంకరుల చరిత్ర చెప్పే కల్పసూత్రం చదువుతారు. అందులో మహావీరుడి జననఘట్టం వచ్చే రోజున, ఆయన తల్లి త్రిశలాదేవి కన్న కలలను వెండి ప్రతిమలుగా పైనుంచి కిందికి దించుతారు. ఏనుగు, వృషభం, సింహం, లక్ష్మి, పూలదండ, చంద్రుడు, సూర్యుడు ఇలా శ్వేతాంబరుల లెక్కలో 14. దిగంబరుల లెక్కలో 16. ఒక్కో కలకు దండ వేసే భాగ్యం, బాల మహావీరుడి ఊయల ఊపే భాగ్యం ఎవరికి దక్కాలన్నది పాటలో తేలుతుంది. దాన్ని బోలీ అంటారు. ఆ పాట చాలాచోట్ల రూపాయల్లో కాక నెయ్యి మణుగుల్లో సాగుతుంది. దీపానికి నెయ్యి ఇచ్చిన కాలం నాటి మాట అలా మిగిలిపోయింది. మణుగుకు ఇంత అని సంఘం ఎప్పుడో ఒక చిన్న ధర కట్టుకుని ఉంటుంది, దానితో గుణిస్తే రూపాయలు వస్తాయి. వినడానికి వేల మణుగులు, ఇచ్చేది అంతకంటే మర్యాదైన మొత్తం. మన లడ్డూ వేలంపాట చూసినవాళ్లకు ఆ హుషారు కొత్తేమీ కాదు.

అంత డబ్బు వస్తే బడి కట్టవచ్చు కదా?

ఈ ప్రశ్న జైన యువకులే పెద్దలను అడుగుతున్నారు. జవాబు ‘దేవద్రవ్యం’ అనే మాటలో ఉంది.

విగ్రహారాధక శ్వేతాంబరుల పద్ధతిలో దానానికి ఏడు క్షేత్రాలు: జినబింబం (తీర్థంకరుడి విగ్రహం), జినాలయం, ఆగమ గ్రంథాలు, సాధువులు, సాధ్వులు, శ్రావకులు, శ్రావికలు. ఒక్కోదానికి వేరే ఖాతా. కింది క్షేత్రం డబ్బు అవసరమైతే పై క్షేత్రానికి వాడవచ్చు. పైనుంచి కిందికి మాత్రం రాకూడదు. కలల వేలంలో వచ్చినది సాధారణంగా దేవద్రవ్యం కాబట్టి అది గుడికీ విగ్రహానికీ మాత్రమే. దానితో భోజనశాల నడపరు, బడి ఫీజులు కట్టరు, ఉపాశ్రయానికి సున్నం కూడా వేయించరు. దేవద్రవ్యాన్ని దారి మళ్లించడం మహాపాపమని శాస్త్రం. దాంతో జరిగేదేమిటంటే, ఒకే సంఘంలో దేవద్రవ్యం ఖాతా నిండుగా ఉంటుంది, కరెంటు బిల్లు కట్టే ‘సాధారణ’ ఖాతా ఎప్పుడూ బోసిగా ఉంటుంది. ప్రతి వార్షిక సమావేశంలో కార్యదర్శి సాధారణ ఖాతాకు కూడా చందా ఇవ్వండని బతిమాలుకుంటాడు. చాలా సంఘాలు మిగిలిన దేవద్రవ్యాన్ని పాత తీర్థాల జీర్ణోద్ధరణకు పంపుతాయి. ఎక్కడో చిన్న ఊరి గుడి బాగుపడడం వెనుక ఎక్కడిదో పెద్ద ఊరి వేలంపాట ఉండేది ఇందుకే.

బయటివాడిగా నాకు ఈ నియమం మొదట మొండితనంగా తోచింది. దేవుడి మాన్యాలు ఎవరెవరి పాలయ్యాయో రాసిన చేతులతో ఆ ఖాతాలు చూశాక అంత తేలికగా తీసిపారేయలేకపోయాను.

స్థానకవాసులకు, తేరాపంథీలకు గుళ్లు లేవు గనుక వారి నివేదికల్లో ఈ ఖాతా కనిపించదు.

అందరికీ ఉపయోగపడేది ఏమీ చేయరా?

చేస్తారు, కాగితం చివరలో రాస్తారు. హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లోని మహావీర్ ఆసుపత్రి నగరవాసులకు తెలిసినదే. జైపూర్ కృత్రిమ పాదాన్ని 1960ల చివర శిల్పి రామచంద్ర శర్మ, వైద్యుడు పి.కె. సేఠీ రూపొందిస్తే, దాన్ని ఉచితంగా పేదలకు అందించేందుకు 1975లో డి.ఆర్. మెహతా జైపూర్‌లో స్థాపించిన సంస్థకు పెట్టుకున్న పేరు భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి. కాలు కోల్పోయినవారి మతం అక్కడ ఎవరూ అడగరు.

జీవదయ ఖాతా మరొకటి. దీన్ని గోశాల అని అనువదిస్తే సగమే చెప్పినట్టు. పింజ్రాపోల్ అనే జంతు సంరక్షణశాలలో కుంటి మేకలు, ముసలి గుర్రాలు, రెక్క విరిగిన పావురాలు కూడా ఉంటాయి. ఢిల్లీ ఎర్రకోట ఎదుట లాల్ మందిర్ ఆవరణలో పక్షుల ఆసుపత్రి ఉంది. మాంసాహార పక్షులకూ చికిత్స చేస్తారు, కాకపోతే వాటిని లోపల చేర్చుకోరు, ఔట్ పేషెంట్లుగా చూసి పంపుతారు. డేగకు కట్టు కట్టి బయటినుంచే సాగనంపే ఆ ఏర్పాటులో వాళ్ల సిద్ధాంతమూ లోకజ్ఞానమూ రెండూ కనిపిస్తాయి.

2024 నాటి నివేదికలన్నీ ఎందుకంత లావుగా ఉన్నాయి?

మహావీరుడి 2550వ నిర్వాణ సంవత్సరం కనుక. ఆ ఏడాది ఏప్రిల్ 21న, మహావీర జయంతి నాడు, ఢిల్లీ భారత్ మండపంలో ప్రధానమంత్రి మహోత్సవాన్ని ప్రారంభించి స్మారక నాణెం, తపాలా బిళ్ల విడుదల చేశారు. యాభై ఏళ్ల కిందట, 2500వ సంవత్సరంలో, ఇంకా పెద్ద పని జరిగింది. దిగంబరులు, విగ్రహారాధక శ్వేతాంబరులు, స్థానకవాసులు, తేరాపంథీలు అనే నాలుగు శాఖలూ ఒప్పుకున్న ఒక ఉమ్మడి చిహ్నం, వినోబా భావే పట్టుదల మీద అందరూ అంగీకరించిన ఒక ఉమ్మడి సూక్తి సంకలనం అప్పుడే వచ్చాయి. శాఖలు ఒకచోట కూర్చోవడం ఎంత అరుదో తెలిసినవాళ్లు నాణెం కంటే వాటినే విజయమంటారు.

అదే 2024 ఫిబ్రవరి 18న దిగంబర ఆచార్యుడు విద్యాసాగర్ మహరాజ్ ఛత్తీస్‌గఢ్‌లోని డోంగర్‌గఢ్‌లో సల్లేఖన ద్వారా దేహం విడిచారు. ఆహారం క్రమంగా మానేసి మరణాన్ని స్వీకరించే ఈ వ్రతాన్ని శ్వేతాంబరులు సంథారా అంటారు. 2015 ఆగస్టు 10న రాజస్థాన్ హైకోర్టు దీన్ని ఆత్మహత్యగా పరిగణించింది. అదే నెల 31న సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

ప్రాకృతానికి ప్రాచీన భాష హోదా రావడం జైనుల విజయమా?

2024 అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం మరాఠీ, పాళీ, ప్రాకృతం, అస్సామీ, బెంగాలీ భాషలకు ఆ హోదా ఇచ్చింది. జైన ఆగమాలు అర్ధమాగధి ప్రాకృతంలోనూ, దిగంబరుల ప్రధాన గ్రంథాలు శౌరసేనిలోనూ ఉన్నాయి గనుక సంఘాలు పండుగ చేసుకోవడం సహజం.

అయితే ఆ వార్త మనకూ సంబంధించినదే. శాతవాహనుల శాసనాల భాష ప్రాకృతం. హాలుడి పేరుతో ఉన్న గాథాసప్తశతి ప్రాకృతం. అమరావతి స్తూపం మీద దాతల పేర్లు చెక్కించింది ప్రాకృతంలో. శౌరసేనిలో రాసిన కుందకుందాచార్యుడు అనంతపురం జిల్లా కొనకొండ్లవాడని ఒక బలమైన సంప్రదాయం.

జైనులు మన నేల మీదికి తాకట్టు దుకాణాలతో వచ్చారనుకునేవాళ్లు కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాలకు వెళ్లాలి. అక్కడి బొమ్మలగుట్ట మీద కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో వేయించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలు. తెలుగు భాగంలో మూడు కంద పద్యాలు. నన్నయకు సుమారు వందేళ్ల ముందే తెలుగులో కందం నడిచిందనడానికి రాతిసాక్ష్యం ఒక జైనుడు వేయించినది. పైన చక్రేశ్వరీదేవి, తీర్థంకరుల శిల్పాలు. మన ఊరి సంఘం నివేదికల్లో ఈ గుట్ట పేరు నేనెన్నడూ చూడలేదు. వాళ్లలో ఎక్కువమంది మూలాలు రాజస్థాన్‌లోనో గుజరాత్‌లోనో ఉండడం దానికి కారణం కావచ్చు. మన పత్రికల్లో మాత్రం ఎన్నిసార్లు చూశానంటారా?

కొలనుపాకకు జైనేతరులు వెళ్లవచ్చా?

నిస్సందేహంగా. హైదరాబాద్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు, ఆలేరు దగ్గర. వాళ్లు కుల్పాక్‌జీ అంటారు. రుషభదేవుడు మాణిక్యస్వామి పేరుతో ప్రసిద్ధుడు, పచ్చరాతి మహావీరుడి విగ్రహమూ ఉంది. తోలు వస్తువులు బయట వదలండి. భోజనశాలలో తినాలనుకుంటే పొద్దుగూకక ముందే చేరుకోండి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప అడగకండి. ఊళ్లోని సోమేశ్వరాలయం కూడా చూసి రండి.

మైనారిటీ హోదా వల్ల ఏమి మారింది?

2014 జనవరి 27న కేంద్రం జైనులను జాతీయ స్థాయిలో ఆరో మైనారిటీగా ప్రకటించింది. 2011 జనగణన ప్రకారం దేశంలో వారు దాదాపు 44.5 లక్షలు. సొంత విద్యాసంస్థల నిర్వహణ, ఉపకార వేతనాలు, మైనారిటీ పథకాల విషయంలో అది ఉపయోగం. ఉద్యోగ రిజర్వేషన్ కాదు. హిందూ వివాహ చట్టం జైనులకు ఇప్పటికీ వర్తిస్తుంది. 2025లో ఇందోర్ కుటుంబ న్యాయస్థానం ఒకటి వర్తించదన్నది గానీ, మధ్యప్రదేశ్ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

శిఖర్‌జీ గొడవ ఏమయింది?

జార్ఖండ్ గిరిడీహ్ జిల్లా పారస్‌నాథ్ కొండ మీద 24 మంది తీర్థంకరుల్లో 20 మంది నిర్వాణం పొందారని విశ్వాసం. అక్కడ పర్యాటకం పెంచే ప్రతిపాదనపై దేశమంతటా నిరసనలు జరిగాక, 2023 జనవరి 5న కేంద్రం ఆ కార్యకలాపాలను నిలిపివేసింది. సంఘాలు దీన్ని విజయంగా రాసుకున్నాయి. అదే కొండ సంతాల్ ఆదివాసులకు మరాంగ్ బురు, వారి పూజాస్థలం. ఆ మాట చాలా నివేదికల్లో లేదు, ఉండవలసింది.

హైవే మీద తెల్లబట్టలతో నడిచివెళ్లేవారు ఎక్కడికి వెళుతుంటారు?

మరో ఊరికి. ఆషాఢం నుంచి కార్తీక పౌర్ణమి దాకా, వానల్లో పురుగూ పుట్రా తొక్కకుండా, ఒకేచోట ఉంటారు. అదే చాతుర్మాస్యం. ఆ ఏడాది ఏ ఆచార్యుడు మా ఊళ్లో ఉన్నారన్నదే సంఘానికి అన్నిటికంటే పెద్ద ఘనత. పౌర్ణమి దాటాక మళ్లీ నడక. వాహనం ఎక్కరు, చెప్పులు వేసుకోరు, ముసలి సాధ్వులను చక్రాల కుర్చీలో తోసుకుపోతారు. చీకటితో బయలుదేరతారు గనుక లారీ ప్రమాదాలు జరుగుతుంటాయి. అందుకే వెంట మెరిసే కోట్లు తొడుక్కున్న కుర్రాళ్లు నడుస్తుంటారు. వాహనం నడిపేవాళ్లు కాస్త వేగం తగ్గిస్తే చాలు.

అమెరికాలో కూడా ఇలాగేనా?

కొంత తేడా. అక్కడి సంఘాలన్నిటి సమాఖ్య ‘జైనా’ 1981లో ఏర్పడింది. తానా సభల లాగే రెండేళ్లకోసారి జులై మొదటి వారంలో మహాసభలు జరుపుతుంది. శ్వేతాంబర, దిగంబర విగ్రహాలు ఒకే కప్పు కింద ఉండే ఆలయాలు అక్కడ మామూలు. ఇక్కడి పెద్దలు వెళ్లి చూసి ఆశ్చర్యపోయి వస్తారు.

సంవత్సరి నాడు ‘మిచ్ఛామి దుక్కడం’ అని సందేశం వస్తే ఏమని జవాబివ్వాలి?

అదే మాట తిరిగి పంపండి. ‘నా దుష్కృతం మిథ్య అగుగాక’ అని అర్థం. తెలిసీ తెలియకా చేసిన తప్పులకు క్షమాపణ. ధన్యవాదాలు, శుభాకాంక్షలు అని మాత్రం పంపకండి. నేను పంపాను.

మా సంఘం వార్త పత్రికలో పూర్తిగా రావాలంటే ఎలా రాయాలి?

ఆసుపత్రి శిబిరం మొదటి వాక్యంలో పెట్టండి. తపస్సులు రెండో పేరాలో, ఒక్కోదానికి ఆరు మాటల వివరణతో. నెయ్యి మణుగులు రూపాయల్లోకి మార్చండి. నెలలను అంకెల్లోనూ అక్షరాల్లోనూ రెండు విధాలా రాయండి.